క్యాసెట్‌లో పట్టని కథలు: ఒక గేమింగ్ యంత్రంలో కొన్ని రకాల ఆటలు ఎందుకు కరవయ్యాయి?

1990లలో మన పట్టణాల్లో పెరిగినవారికి టీవీ గేమ్ గుర్తుండే ఉంటుంది. ఒక ప్లాస్టిక్ పెట్టె, దానికి రెండు రిమోట్లు, పైనున్న గాడిలో గుచ్చే పసుపు రంగు క్యాసెట్. తెరపై బొమ్మ సరిగా రాకపోతే క్యాసెట్ బయటికి తీసి, అడుగున గట్టిగా ఊది మళ్లీ పెట్టేవాళ్లం. పేరుకు క్యాసెట్టే గానీ అందులో టేపు ఉండేది కాదు. ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద ఆటను దాచుకున్న చిప్ ఉండేవి. ఊదడం వల్ల మేలు కూడా జరిగేది కాదు. తీసి మళ్లీ గుచ్చినప్పుడు లోహపు అంచులు ఒకదానికొకటి సరిగా ఆనడం వల్లే ఆట నడిచేది. నోటి తేమ తగిలితే ఆ అంచులు పాడయ్యే ప్రమాదమే ఎక్కువ.

మనం ఆడిన ఆ పెట్టెల్లో చాలావరకు జపాన్ సంస్థ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు అనుకరణలు. అదే నింటెండో 1996లో నింటెండో 64 అనే శక్తిమంతమైన యంత్రాన్ని విడుదల చేసింది. అప్పటికి పోటీదారులు చాలామంది సీడీలకు మారిపోయారు. నింటెండో మాత్రం మనకు తెలిసిన ఆ క్యాసెట్‌నే, అంటే కార్ట్రిడ్జ్‌నే, నమ్ముకుంది. ఆ ఒక్క నిర్ణయం ఆ యంత్రంలో ఏ ఆటలు పుడతాయో, ఏవి పుట్టవో చాలావరకు తేల్చేసింది.

యంత్రం గొప్పదే, లోటు ఎక్కడ?

నింటెండో 64 బలహీనమైన యంత్రమేమీ కాదు. దాని ప్రధాన ప్రాసెసర్ 93.75 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసేది. బొమ్మలు గీసే చిప్‌ను కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో పేరుమోసిన సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ రూపొందించింది. ఒకేసారి నలుగురు ఆడుకునేలా నాలుగు కంట్రోలర్ పోర్టులు ఉండేవి. కంట్రోలర్ మీదున్న అనలాగ్ స్టిక్‌ను కొద్దిగా వంచితే బొమ్మ నడిచేది, బాగా వంచితే పరుగెత్తేది. అందుకే త్రిమితీయ లోకంలో గెంతుతూ తిరిగే ఆటలు, నలుగురు కలిసి ఆడే రేసులు, షూటింగ్ గేములు అందులో బాగా రాణించాయి. సూపర్ మారియో 64, మారియో కార్ట్ 64, గోల్డెన్ ఐ 007 అలాంటివే.

కానీ దాని ఆటల జాబితా తిరగేస్తే మూడు ఖాళీలు కనిపిస్తాయి. పాత్ర ధరించి పదుల గంటలు సాగించే రోల్ ప్లేయింగ్ గేములు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. చేతితో గీసిన బొమ్మలతో సాగే ద్విమితీయ ఫైటింగ్ గేములు చాలా తక్కువ. ఆ రకానికి పెద్దదిక్కు లాంటి స్ట్రీట్ ఫైటర్ ఆ యంత్రం మీదకు రానేలేదు. సైన్యాలను నడిపే వ్యూహాత్మక యుద్ధ క్రీడలదీ దాదాపు అదే పరిస్థితి. ఈ మూడు ఖాళీలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి.

బరువు కథది కాదు

రోల్ ప్లేయింగ్ గేముల్లో కథ పెద్దది, సంభాషణలు ఎక్కువ. అందుకే క్యాసెట్‌లో పట్టలేదని అనుకోవడం సహజం. లెక్క వేస్తే విషయం వేరని తెలుస్తుంది. మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తాన్ని కంప్యూటర్‌లో దాచడానికి 40 కిలోబైట్లు చాలు. సూపర్ మారియో 64 క్యాసెట్ సామర్థ్యం 8 మెగాబైట్లు. అంటే అందులో ఇలాంటి వ్యాసాలు 200 పడతాయి. అక్షరాలు తేలిక.

బరువంతా శబ్దానిది, వీడియోది. సీడీ నాణ్యతతో ఒక్క సెకను సంగీతం దాచాలంటే 44,100 నమూనాలు తీసుకోవాలి. ఒక్కో నమూనాకు 2 బైట్లు, కుడి ఎడమ స్పీకర్లకు వేర్వేరుగా రెండు వరుసలు. మొత్తం 1,76,400 బైట్లు. ఈ లెక్కన 8 మెగాబైట్ల క్యాసెట్‌లో 48 సెకన్ల పాట కూడా పట్టదు. ఆ యంత్రానికి వచ్చిన అతిపెద్ద క్యాసెట్ 64 మెగాబైట్లు. అందులోనైనా ఆరు నిమిషాలు దాటి కొద్దిసేపే. అదే ఒక సీడీలో సుమారు 650 మెగాబైట్లు పడతాయి.

అయితే నింటెండో 64 ఆటల్లో సంగీతం ఎలా వచ్చింది? కచేరీ రికార్డింగు బదులు స్వరలిపి పంపినట్టన్నమాట. ఏ వాయిద్యం ఏ క్షణాన ఏ స్వరం పలకాలో క్యాసెట్‌లో రాసి ఉండేది. దాంతోపాటు ఒక్కో వాయిద్యపు చిన్న నమూనా ఉండేది. యంత్రం వాటిని కలిపి అప్పటికప్పుడు వాయించేది. సంగీతానికి ఈ ఉపాయం పనిచేసింది. నటుల గొంతుకు, సినిమాలా ముందే తయారుచేసిన దృశ్యాలకు పనిచేయలేదు. వాటికి స్వరలిపి ఉండదు కదా!

1990ల మధ్యలో జపాన్ రోల్ ప్లేయింగ్ గేములు వెళ్లాలనుకున్నది సరిగ్గా ఆ సినిమా దృశ్యాల వైపే. ఫైనల్ ఫాంటసీ వరుసలో మొదటి ఆరు ప్రధాన భాగాలూ నింటెండో యంత్రాల మీదే వచ్చాయి. ఏడో భాగం మాత్రం 1997 జనవరిలో పోటీ సంస్థ సోనీ ప్లేస్టేషన్ మీద, మూడు సీడీల్లో వచ్చింది. మూడింటిలోనూ కొంత సమాచారం పునరావృతమైనా, ఆ ఆటను అదే రూపంలో 64 మెగాబైట్లలో ఇరికించడం సాధ్యమయ్యే పని కాదు. జపాన్‌లో అంతే ఆదరణ ఉన్న డ్రాగన్ క్వెస్ట్ ఏడో భాగం కూడా ప్లేస్టేషన్ దారే పట్టింది.

చిప్పుకూ సీడీకీ మధ్య ఖర్చు

అప్పటి క్యాసెట్లలో మాస్క్ రామ్ అనే చిప్ ఉండేది. అందులోని సమాచారం తర్వాత రాసేది కాదు, చిప్ తయారీలోనే దాని నిర్మాణంలో భాగమైపోయేది. కాబట్టి ఒక్కో ఆటకు ప్రత్యేకంగా చిప్పులు తయారుచేయించాలి. వారాల ముందే ఆర్డరు పెట్టాలి, డబ్బు ముందే కట్టాలి. సీడీ అలా కాదు. కరిగించిన పాలికార్బనేట్‌ను అచ్చులో పోసి నొక్కితే కొద్ది సెకన్లలో ఒక డిస్కు తయారవుతుంది. ఆట బాగా అమ్ముడుపోతే మళ్లీ త్వరగా ముద్రించుకోవచ్చు, పోకపోతే నష్టం తక్కువ.

ఎంతమంది కొంటారో తెలియని కొత్తరకం ఆటను ఏ ప్రచురణకర్త అయినా ఎక్కడ విడుదల చేస్తాడు? నష్టం తక్కువున్న చోటే. ప్లేస్టేషన్ మీద వింత వింత ప్రయోగాలు రావడానికి ఇదొక కారణం. ఆపైన ఒక విషవలయం మొదలైంది. రోల్ ప్లేయింగ్ గేములు ఇష్టపడేవారు ప్లేస్టేషన్ కొన్నారు. ఆ ఆటగాళ్లు లేని నింటెండో 64కు ఆ ఆటలు చేయడం దండగని మిగిలిన సంస్థలూ భావించాయి. చివరికి నింటెండో 64 సుమారు 3.3 కోట్లు అమ్ముడుపోతే, ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది.

అలాగని క్యాసెట్‌ను ఎంచుకోవడం మూర్ఖత్వం కాదు. ప్లేస్టేషన్ సీడీ నుంచి సెకనుకు 300 కిలోబైట్లు చదివేది. దాని 2 మెగాబైట్ల ప్రధాన మెమరీ నిండాలంటే దాదాపు 7 సెకన్లు పడుతుంది. క్యాసెట్‌లోని చిప్ సమాచారాన్ని అంతకు ఎన్నో రెట్ల వేగంతో అందించేది. తలుపు తెరవగానే తర్వాతి గది సిద్ధంగా ఉండేది. సీడీలా గీతలు పడేది కాదు, నకిలీ కాపీలు తీయడమూ కష్టమే. నింటెండో తన ఆటలకు కావలసినదాన్నే ఎంచుకుంది. ఇతరుల ఆటలకు కావలసింది వేరు.

నాలుగు కిలోబైట్ల కిటికీ

ఫైటింగ్ గేముల సమస్య ఇంకోటి. చేతితో గీసిన వీరుడి ప్రతి భంగిమా ఒక బొమ్మే. ఉదాహరణకు ఒక్కో బొమ్మ 100 చుక్కల వెడల్పు, 100 చుక్కల ఎత్తు ఉందనుకుందాం. చుక్కకు ఒక బైటు చొప్పున 10 కిలోబైట్లు. ఒక వీరుడికి 300 భంగిమలైతే 3 మెగాబైట్లు. పదహారు మంది వీరులుంటే 48 మెగాబైట్లు. సమాచారాన్ని కుదించి దాచినా క్యాసెట్‌కు ఇది పెద్ద భారమే.

పైగా నింటెండో 64 గ్రాఫిక్స్ చిప్‌లో, తెరపై అతికించే బొమ్మలను పెట్టుకునే చోటు 4 కిలోబైట్లే. త్రిమితీయ గోడ మీద చిన్న ఇటుక బొమ్మను పదేపదే అతికించడానికి అది సరిపోతుంది. మన వీరుడి 10 కిలోబైట్ల బొమ్మను మాత్రం ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనే ఆ కిటికీలోంచి పంపాలి. త్రిమితీయ లోకం కోసం కట్టిన ఇంట్లో ద్విమితీయ బొమ్మలు ఇరుకుపడ్డాయి.

మౌస్ లేని యుద్ధం

వ్యూహాత్మక యుద్ధ క్రీడల విషయంలో చిక్కు చేతిలో ఉంది. పదుల సంఖ్యలో సైనికులను ఎంచుకోవాలి, మ్యాప్‌లో ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లాలి, అదీ క్షణాల్లో. ఒక గురిని అందుకోవడానికి చేతికి పట్టే సమయం ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దది అనే వాటిపై ఆధారపడుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించారు. 1978లో స్టువర్ట్ కార్డ్, విలియం ఇంగ్లిష్, బెట్టీ బర్ కంప్యూటర్ తెరపై అక్షరాలను ఎంచుకునే పరికరాలను పోల్చి చూశారు. జాయ్‌స్టిక్, మీటలు, మౌస్‌లలో మౌస్‌దే పైచేయి అయింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. మౌస్‌ను ఎంత జరిపితే బాణం గుర్తు అంత జరుగుతుంది. స్టిక్‌తో అలా కాదు. వంచితే గుర్తు కదలడం మొదలవుతుంది, గురి దగ్గరకు వచ్చేవరకు కాచుకుని సరిగ్గా అక్కడ వదలాలి. కొంచెం ఆలస్యమైతే దాటిపోతుంది.

1998లో కంప్యూటర్‌పై ఊపేసిన స్టార్‌క్రాఫ్ట్‌ను 2000లో నింటెండో 64కు తెచ్చారు. మౌస్ లేని లోటుకు తోడు మరో చిక్కు ఎదురైంది. కంప్యూటర్‌లో ఎవరి తెర వారిది. శత్రువు ఏం చేస్తున్నాడో తెలియకపోవడంలోనే ఆ ఆట ప్రాణం ఉంది. టీవీ ముందు ఒకే తెరను ఇద్దరూ పంచుకుంటే, పక్కకు చూస్తే చాలు గుట్టు రట్టు! నలుగురిని ఒక టీవీ ముందు కూర్చోబెట్టడమే ఆ యంత్రం బలం. ఆ బలమే ఈ రకం ఆటకు బలహీనత అయింది.

హద్దును దాటిన ఒక ప్రయత్నం

ఖాళీలు ఉన్నాయంటే ఎవరూ ప్రయత్నించలేదని కాదు. రెసిడెంట్ ఈవిల్ 2 అనే భయానక గేమ్ ప్లేస్టేషన్‌లో రెండు సీడీల్లో వచ్చింది. ఏంజెల్ స్టూడియోస్ బృందం 1999లో దాన్ని వీడియో దృశ్యాలతో సహా ఒకే 64 మెగాబైట్ల క్యాసెట్‌లో ఇమిడ్చింది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగుల తేడాను పట్టలేదు. అందుకే వీడియోలో వెలుగును, రంగును వేరుచేసి, రంగు సమాచారాన్ని బాగా తగ్గించారు. కొన్ని ఫ్రేములను మాత్రమే దాచి, మధ్యలోవాటిని ఆడేటప్పుడే యంత్రంతో పూరింపజేశారు. ఇవాళ మన ఫోన్లలో వీడియోలు తక్కువ డేటాతో నడవడం వెనుక ఉన్న సూత్రాలూ ఇలాంటివే.

నింటెండో కూడా 1999 డిసెంబరులో జపాన్‌లో 64డీడీ అనే అదనపు డిస్క్ డ్రైవ్‌ను తెచ్చింది. అప్పటికి కాలం మించిపోయింది. 2001 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు. అదే ఏడాది వచ్చిన తర్వాతి యంత్రం గేమ్‌క్యూబ్‌కు కంపెనీ చిన్న డిస్కులనే ఎంచుకుంది.

మన చేతిలోని యంత్రం సంగతి

ఇలాంటి ఖాళీ లేని యంత్రం లేదు. అదే కాలపు సెగా శాటర్న్ ద్విమితీయ ఫైటింగ్ గేములకు పెట్టింది పేరు, త్రిమితీయంలో వెనకబడింది. నేడు భారతదేశంలో అత్యధికుల గేమింగ్ యంత్రం స్మార్ట్‌ఫోన్. అద్దం మీద మీటలు ఉండవు. ఆడే వేళ్లే తెరలో కొంత భాగాన్ని కప్పేస్తాయి. అందుకే చాలా మీటలు కావలసిన ఆటలు అందులో ఇబ్బందిగా ఉంటాయి, వేలితో జరిపే పజిళ్లు, కార్డు ఆటలు హాయిగా ఉంటాయి. హైదరాబాద్ స్టూడియోల్లోనో, కాలేజీ హాస్టల్ గదిలోనో కొత్త ఆటను ఊహిస్తున్న యువతకు ఈ పాత కథ పనికొస్తుంది. ఒక రకం ఆట ఎక్కడా కనిపించడం లేదంటే దాన్ని ఎవరూ కోరుకోవడం లేదని తేల్చేయకూడదు. అడ్డం పడుతున్నది నిల్వా, చేతిలోని సాధనమా, ఖర్చా అని ముందు వెతకాలి.

ఎందుకంటే అడ్డంకులు శాశ్వతం కావు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆటలు మళ్లీ చిప్పు ఉన్న చిన్న కార్డుల్లోనే అమ్ముడవుతున్నాయి. అయితే ఇప్పుడు ఆ చిప్పుల్లో గిగాబైట్ల కొద్దీ చోటుంది. ఆ యంత్రంలో రోల్ ప్లేయింగ్ గేములకు కొదవే లేదు. 1997లో నింటెండోను వదిలి వెళ్లిన ఫైనల్ ఫాంటసీ ఏడో భాగం కూడా 2019లో ఆ గూటికి చేరింది. అందుకు 22 ఏళ్లు పట్టింది.