అలియాబాద్ ప్లాటు, కాలిఫోర్నియా బిళ్ల

మేడ్చల్‌లో మా వెనక వీధిలో ఉండే కాక, కూతురి పేరు మీద ఓ 150 గజాల ప్లాటు కొందామని చూస్తున్నాడు. షామీర్‌పేట దాటాక అలియాబాద్ చౌరస్తా చుట్టుపక్కల ఏమున్నాయో చూపించమంటే, నేనే ఆయన ఫోన్‌లో ఒక స్థలాల వెబ్‌సైట్ తెరిచి ఇచ్చాను. తెరవగానే కింద నుంచి ఇంగ్లీషు పట్టీ ఒకటి లేచింది. నాలుగు వరుసల చిన్న అక్షరాలు, పక్కన పెద్ద నీలం బటన్: 'యాక్సెప్ట్ ఆల్'. కాక దాన్ని నొక్కేశాడు. అది తొలగితేగానీ ప్లాట్ల ఫోటోలు కనబడవు మరి.

మర్నాడు పొద్దున్నే మా గేటు దగ్గరికొచ్చాడు. "బిడ్డా, క్రికెట్ స్కోరు చూద్దామన్నా ప్లాటే, వానల ముచ్చట చూద్దామన్నా ప్లాటే. నేను ప్లాటు చూసిన సంగతి గీళ్లకెవలు చెప్పిన్రు?"

ఆ పూట కాకకు సగమే చెప్పగలిగాను. మిగతా సగానికి ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాలలో వెబ్‌ను తయారుచేసింది కాగితాలు పంచుకోవడానికి. ఒక పేజీ అడిగితే సర్వర్ ఇస్తుంది, ఇచ్చి మరిచిపోతుంది. మరుక్షణం మళ్లీ అడిగినా, ఇందాక అడిగింది ఈ మనిషేనని దానికి తెలియదు. పరిశోధన వ్యాసాలు చదివేవాళ్లకు ఆ మతిమరుపు వల్ల నష్టమేమీ లేదు. వెబ్‌లో దుకాణం పెట్టాలనుకున్నవాళ్లకే ఇబ్బంది వచ్చింది. ఒక పేజీలో బియ్యం ఎంచుకుని, ఇంకో పేజీలో పప్పు ఎంచుకునేసరికి బియ్యం సంగతి దుకాణానికి గుర్తుండదు.

1994లో ఎంసీఐ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీ ఈ చిక్కుతోనే బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీ దగ్గరికి వచ్చింది. కొనేవాళ్లు సగంలో వదిలేసిన లెక్కలన్నీ తన సర్వర్లలో మోయడం దానికి ఇష్టం లేదు. అవి కొనేవాళ్ల కంప్యూటర్‌లోనే ఉండాలంది. కాలిఫోర్నియాలోని ఆ కంపెనీలో ఆ పని లూ మాంటుల్లీ అనే ఇంజినీరు మీద పడింది. అప్పటికి అతనికి పాతికేళ్లు నిండలేదు.

అందరికీ ముందుగా తట్టే ఉపాయం, ప్రతి బ్రౌజర్‌కూ ఒక శాశ్వతమైన నంబరు ఇచ్చేయడం. మాంటుల్లీకి అది నచ్చలేదు. ఒకే నంబరు అన్ని సైట్లకూ కనబడితే, మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో ఎవరైనా కూర్చి చెప్పగలరు. అందుకని ఏ సైటుకు ఆ సైటే ఒక గుర్తు ఇచ్చేలా, బ్రౌజర్ దాన్ని దాచిపెట్టి ఇచ్చినవాళ్లకే తిరిగి చూపేలా ఏర్పాటు చేశాడు. ఈ మొదటి నిర్ణయాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. ఎవరూ అడగకముందే, చూసేవాడి గుట్టు గురించి ఆలోచించాడు.

శివరాత్రికి కీసరగుట్ట వెళ్లేవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. చెప్పులు విడిచిన చోట నంబరు బిళ్ల ఒకటి చేతిలో పెడతారు. దాని మీద మీ పేరు లేదు, ఊరు లేదు. అంత జనంలో చెప్పుల స్టాండ్ అతనికి మీ ముఖమూ గుర్తుండదు. బిళ్ల చూపిస్తే మీ జత మీకిస్తాడు. పక్క స్టాండ్‌లో ఆ బిళ్ల చెల్లదు. మాంటుల్లీ ఏర్పాటు చేసిన గుర్తు పేరే కుకీ; అది అచ్చంగా ఆ బిళ్లే. తినే బిస్కెట్‌తో దానికి పని లేదు. ప్రోగ్రాముల మధ్య చేతులు మారే ఇలాంటి గుర్తును యునిక్స్ ప్రోగ్రామర్లు అప్పటికే 'మ్యాజిక్ కుకీ' అనేవారు. ఆ మాటే ఇక్కడికీ వచ్చింది. ఇవాళ మీరు లాగిన్ అయిన బ్యాంకు పేజీ రెండో నొక్కుకే మళ్లీ పాస్‌వర్డ్ అడగడం లేదంటే దీని పుణ్యమే.

1994 అక్టోబరులో వచ్చిన నెట్‌స్కేప్ తొలి బ్రౌజర్‌తోనే కుకీ లోకంలోకి అడుగుపెట్టింది. తమ సైటుకు వచ్చినవాళ్లు ఇదివరకు వచ్చారా లేదా చూడటానికి నెట్‌స్కేప్ దాన్ని మొదట వాడింది. ఒక తప్పు మాత్రం అప్పుడే జరిగింది. మీ కంప్యూటర్‌లో ఒక బిళ్ల పెడుతున్నామని వాడేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ రాసేదాకా మామూలు జనానికి కుకీ అన్నది ఒకటుందనే తెలియదు.

కాక చూసిన ఆ సైటునే నేను ల్యాప్‌టాప్‌లో తెరిచి, బ్రౌజర్ లోపలి లెక్కలు చూపే కిటికీ తీశాను. సర్వర్ పంపిన జవాబులో 'సెట్-కుకీ' అని ఒక వరుస. దాని పక్కన ఒక పేరు, సమానం గుర్తు, ఆపైన ఏ భాషకూ చెందని అక్షరాలూ అంకెలూ కలగలిసిన దండ. చివర గడువు తేదీ. అంతే. ఒక్కో కుకీ మహా అయితే 4 కిలోబైట్లు. పేర్ల కింద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయాను. ఆ సైటు సొంతవి ఆరు. మిగిలిన ఇరవైకి పైగా బిళ్లలు ఎన్నడూ వినని చిరునామాలవి. కొన్నిటి గడువు ఏడాది దాటి ఉంది.

కాక ప్రశ్నకు జవాబు ఆ ఇరవైలో ఉంది. ఒక పేజీ అంతా ఒక్క చోటు నుంచి రాదు. ఫోటో ఒక సర్వర్ నుంచి, ప్రకటన ఇంకో సర్వర్ నుంచి వస్తాయి. ప్రకటన పంపిన సర్వర్ కూడా తన బిళ్ల తాను పెడుతుంది. ఆ కంపెనీ ప్రకటనే క్రికెట్ పేజీలోనూ ఉంటే, అక్కడికి వెళ్లగానే పాత బిళ్ల దాని చేతికి తిరిగి వెళుతుంది. తూంకుంట నుంచి తుర్కపల్లి దాకా ప్రతి దుకాణంలోనూ ఒకే మనిషి బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాడి బిళ్ల చూసి రాసుకుంటూ పోతే ఎలా ఉంటుందో అలా. కాక పేరు అతనికి అక్కర్లేదు. అలియాబాద్ ప్లాట్లు చూసిన బిళ్ల, స్కోరు చూస్తున్న బిళ్ల ఒకటేనని తెలిస్తే చాలు. మాంటుల్లీ కట్టిన గోడ గట్టిదే, కానీ ప్రతి ఇంట్లోనూ ఒకే అద్దెదారు చేరితే ఇళ్ల మధ్య గోడలు ఉండి ఏం లాభం?

ఈ కంత సంగతి ముందే తెలుసు. 1997 ఫిబ్రవరిలో డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లీ కలిసి రాసిన ఇంటర్నెట్ ప్రమాణం, ఇలాంటి పరాయి కుకీలను బ్రౌజర్లు తమంతట తాము అనుమతించరాదనే చెప్పింది. పెద్ద బ్రౌజర్లు ఆ మాట పాటించలేదు. డబుల్‌క్లిక్ వంటి ప్రకటనల కంపెనీలు అప్పటికే ఈ దారిలో బండి కట్టాయి. ఆ డబుల్‌క్లిక్‌ను గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొని, 2008లో సొంతం చేసుకుంది. సఫారీ బ్రౌజర్ 2020లో పరాయి కుకీలన్నిటినీ ఆపేసింది. క్రోమ్ బ్రౌజర్ తానూ ఆపుతానని అదే ఏడాది చెప్పి, వాయిదాలు వేసి, చివరికి విరమించుకుంది.

ఇక కాక ఫోన్‌లో లేచిన ఆ పట్టీ. అది యూరప్ బిడ్డ. కుకీల వంటివి పెట్టేముందు మనిషి ఒప్పుకోలు తీసుకోవాలని 2009లో యూరోపియన్ యూనియన్ తన నిబంధన సవరించింది. 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం వచ్చి ఆ ఒప్పుకోలు ఎలా ఉండాలో బిగించింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని ఒప్పుకోలు అనరని 2019 అక్టోబరులో అక్కడి న్యాయస్థానం తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక నొక్కు, వద్దనడానికి అనేక నొక్కులు పెట్టారని 2022 జనవరిలో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

మన దగ్గర కథ వేరే దారిలో వచ్చింది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద 2012లో, ఎనభై దాటిన వయసులో, సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆపై 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో కుకీ అన్న మాటే లేదు. మనిషిని గుర్తుపట్టించే సమాచారం ఏదైనా దాని కిందికి వస్తుంది. ఒప్పుకోలు స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి, షరతుల్లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఎంత తేలిగ్గా ఇచ్చామో అంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మాట ఇంకొకటుంది: ఆ అడిగేది ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు కాబట్టి 2027 మేలో ఈ బాధ్యత మొదలవుతుంది.

ఆ తెలుగు ఎలాంటిదన్నదే నా బెంగ. నిఘంటువు దగ్గర పెట్టుకుని రాసిన తెలుగైతే కాకకు ఇంగ్లీషూ అదీ ఒక్కటే. షామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. చట్టం తెలిసిన ఆ పిల్లలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కూర్చుని పట్టీలో ఉండాల్సిన ఆ నాలుగు వాక్యాలూ రాస్తే ఎంత బాగుంటుందో. నా వంతుగా ఒక కాగితం మీద రాసి కాకకు చదివి వినిపించాను:

"మీరు ఇక్కడ ఏ ప్లాట్లు చూశారో ప్రకటనల కంపెనీలకు తెలుస్తుంది. వాళ్లు వేరే చోట్ల కూడా మీకు ప్లాట్లే చూపిస్తారు. వద్దన్నా ఇక్కడి ప్లాట్లన్నీ చూడొచ్చు. ఒప్పుకుంటారా?"

"వద్దన్నా చూడొచ్చా?" అన్నాడు కాక. "ఆ ముక్క ముందుగాల చెప్పలేదేంది మరి!"

ఫోన్‌లో పాత కుకీలు తుడిచేసి ఆ సైటు మళ్లీ తెరిచాం. పట్టీ మళ్లీ లేచింది. నీలం బటన్ వదిలేసి, కింద బూడిద రంగులో ఉన్న చిన్న మాట నొక్కాం. ఇంకో పేజీ వచ్చింది. దాన్ని అడుగుదాకా జరిపితే 'రిజెక్ట్' కనబడింది. కాక కళ్లజోడు సర్దుకుని తన వేలితోనే నొక్కాడు. అలియాబాద్ ప్లాట్ల ఫోటోలు నిన్నటిలాగే, ఒక్కటీ తగ్గకుండా వచ్చాయి.