నల్ల చొక్కా మీద తెల్ల అక్షరం

మా ఊరి తెలుగు బడి పిల్లలకు నిరుడు పన్నెండు చొక్కాలు చేయించాము: నల్లటి నూలు బట్ట మీద తెల్లటి అక్షరాలతో ఎవరి పేరు వారికి. స్క్రీన్ ప్రింటింగు చేసేవారు ఒప్పుకోలేదు. ఆ పద్ధతిలో ప్రతి బొమ్మకూ, అందులోని ప్రతి రంగుకూ విడిగా ఒక తెర తయారు చేయాలి. ఒకే బొమ్మను వందల చొక్కాల మీద వేస్తేనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. అందుకని, కంప్యూటర్‌లోని బొమ్మను నేరుగా బట్ట మీదే ముద్రించే మరొకరికి ఇచ్చాము. చొక్కాలు ముచ్చటగా వచ్చాయి. నాలుగు ఉతుకులు పడేసరికి పేర్లు పొట్టులా రాలసాగాయి. తన పేరులో ఒత్తు పోయిందని ఏడేళ్ల పిల్ల ఒకతె ఏడ్చింది. జబ్బు ఎక్కడుందో చూడకుండా ఊరుకోవడం వైద్యుడికి కష్టం.

ఈ యంత్రం మన ఇళ్లలోని ఇంక్‌జెట్ ప్రింటర్‌కు దగ్గరి చుట్టమే. ఒత్తిడికి గురైన కొన్ని స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. దానికి తిరగవేత కూడా నిజమే: విద్యుత్తు ప్రసరిస్తే స్ఫటికం ఆకారం మారుతుంది. ముద్రణ యంత్రంలో ఆ కదలికే కొన్ని పికోలీటర్ల సిరా చుక్కను బయటికి నెడుతుంది. గర్భస్థ శిశువును చూపించే అల్ట్రాసౌండ్ పరికరంలో పనిచేసేదీ ఈ ధర్మమే.

చిక్కంతా నల్లబట్టతోనే. రంగు సిరాలు పారదర్శకాలు కనుక, కింద తెల్లటి పొర లేకపోతే నలుపు వాటిని మింగేస్తుంది. ఆ తెలుపు టైటానియం డయాక్సైడ్. బరువైన పదార్థం, కదలకుండా ఉంచితే అడుగున పేరుకుపోతుంది. పైగా నీటితో చేసిన సిరాను నూలు అద్దుడు కాగితంలా పీల్చేస్తుంది. అందుకే ముందుగా బట్ట మీద కాల్షియం లవణమున్న ద్రావణం చల్లి, వేడి పలకతో అదిమి ఆరబెడతారు. సిరాలోని రంగు రేణువులు ఋణావేశంతో ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ తేలుతుంటాయి. కాల్షియం అయానుల ధనావేశం తగలగానే ఆ వికర్షణ తగ్గి, రేణువులు గుమిగూడి పైననే నిలిచిపోతాయి. రక్తం గడ్డకట్టడానికీ కాల్షియం కావాలి. రక్తనిధి సంచుల్లో సిట్రేట్ కలిపేది దాన్ని బంధించడానికే. అక్కడి యంత్రాంగం వేరనుకోండి.

బట్టను ముందే సిద్ధం చేయడం మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీతను పాకనివ్వదు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో చేసిన కసిమితో కలిసి నలుపునిస్తుంది. అక్కడ రంగు నూలులోనే పుడుతుంది. ఇక్కడ మాత్రం సిరాలోని జిగురు రేణువులను నూలుకు అతికిస్తుంది, అంతే. ఆ జిగురు గట్టిపడాలంటే దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని నిమిషాలు ఉంచాలి.

ఇక రోగనిర్ధారణ. ద్రావణం చాలకపోతే తెలుపు మొదటిరోజే బూడిదరంగులో కనిపించేది. ఎక్కువైతే సిరా నూలును కాక ఆ లవణపు పొరను పట్టుకుంటుంది. అప్పుడు అక్షరాల చుట్టూ బట్ట బిరుసెక్కి మరక తేలుతుంది. మా చొక్కాలలో ఈ రెండు లక్షణాలూ లేవు. మిగిలింది వేడి. అది చాలని చొక్కా, చాలిన చొక్కా కొన్ననాడు ఒకేలా ఉంటాయి. తేడా చాకిరేవులోనే తెలిసేది.

ముద్రించినవారు మొదట మా ఉతుకునే తప్పుపట్టారు. తరువాత మెత్తబడి, ఆ పాప చొక్కాను మళ్లీ ముద్రించి రెండింతల సేపు వేడిలో ఉంచారు. దాన్ని ఇచ్చేముందు మా ఇంట్లోనే పదిసార్లు ఉతికాను. ఒత్తు చెక్కుచెదరలేదు.