పాత ఇండ్లను చల్లబరచు పనివారికి పంచాయతి గౌరవము

గ్రామములో క్రొత్త ఇల్లు కట్టినచో గృహప్రవేశమునకు ఊరంతయు తరలివచ్చును. కట్టిన మేస్త్రీకి బట్టలు పెట్టి, తాంబూలమిచ్చి, నలుగురిలో అతని పేరు చెప్పుకొందురు. కాని పాత ఇంటి కప్పునకు వెల్ల వేసి, గాలి చొరని గదికి కిటికీ పెట్టి, వేసవి రాత్రులందు ఆ ఇంటివారికి నిద్ర పట్టునట్లు చేసిన మేస్త్రీ పేరు ప్రక్క వీథివారికి గూడ తెలియదు. చేసినది చిన్న పని. తీసికొన్నది రెండు రోజుల కూలి. అయినను ఆ ఇంటిలోని ముదుసలికి, బాలింతకు, పసిబిడ్డకు ఆ రెండు రోజుల పని చేసిన మేలు తక్కువది కాదు. అట్టి పనివారిని గుర్తించి గౌరవించుటకు గ్రామ పంచాయతి ఏమి చేయవచ్చునో సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాలులను మనమింకను మరువలేదు. ఆ ఒక్క వేసవిలో తెలంగాణలో 500 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వడదెబ్బ అనగానే పొలములో ఎండకు పని చేయువారే మనకు తలపునకు వత్తురు. ఎండ తగులకున్నను, ఉక్కతో నిండిన గదిలో పగలంతయు మంచముపై నుండు వృద్ధులకు, రోగులకు గూడ ఆ అపాయము కలదు. పగలు వేడెక్కిన శరీరము రాత్రి చల్లబడవలెను. రాత్రియు ఇల్లు కాగుచున్నచో ఆ విశ్రాంతి దొరకదు. ఈనాడు గ్రామములలో నున్న డాబాలలో, రేకుల ఇండ్లలో అధికభాగమునందు మనవారు రాబోవు ఇరువది, ముప్పది సంవత్సరములు కాపురముండక తప్పదు. కావున క్రొత్త ఇండ్లను మాత్రమే చక్కగా కట్టించినచో చాలదు. ఉన్న ఇండ్లను బాగుచేయవలెను.

శక్తి పొదుపునకు బహుమతులు మన దేశమునకు క్రొత్త కాదు. జాతీయ శక్తి సంరక్షణ పురస్కారములు 1991 నుండి ఇయ్యబడుచున్నవి. డిసెంబరు 14వ తేదీ శక్తి సంరక్షణ దినముగా పాటింపబడుచున్నది. అవి ముఖ్యముగా కర్మాగారములకు, రైల్వే వంటి సంస్థలకు, పెద్ద భవనములకు చెందుచు వచ్చినవి. నిబంధనల ననుసరించి రూపకల్పన గావించిన ఆదర్శ భవనములకై కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2021లో నీర్మాన్ అను పురస్కారమును ప్రవేశపెట్టినది. నివాస గృహములకై 2018లో ప్రకటింపబడిన ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, అనగా సుమారు 600 గజములు, అంతకు మించిన స్థలములోని కట్టడములను ఉద్దేశించినది. తెలంగాణ ప్రభుత్వమువారు 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానము గూడ 600 గజములు, అంతకు మించిన స్థలములోని ఇండ్లకే చల్లని కప్పును తప్పనిసరి చేసినది. అంతకు తక్కువైన వారికి అది ఐచ్ఛికము. ఐదు సంవత్సరములలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పు ఏర్పడవలెనని ఆ విధానపు లక్ష్యము. అందులో 200 హైదరాబాదు ప్రాంతమునకు, 100 మిగిలిన రాష్ట్రమునకు.

సభ్యులు ఒక్కసారి తమ గ్రామమును తలచుకొని చూడవలెను. 600 గజముల స్థలములో ఇల్లు గలవారు ఎందరుందురు? నూరు గజములలో రెండు గదుల డాబా వేసికొన్నవానికి నిబంధన వర్తింపదు. అతని ఇంటిని చల్లబరచిన మేస్త్రీకి ఢిల్లీ పురస్కారమును అందదు. ఐచ్ఛికమన్న పని ఎవరో ఒకరు పూనుకొని ప్రోత్సహించినగాని సాగదు. ఆ పూనిక గ్రామములో పంచాయతిది కాక మరెవ్వరిది?

ఇక పని సంగతి. మన ప్రాంతమున వేసవి సూర్యుడు మధ్యాహ్నము దాదాపు నడినెత్తిన నుండును. అందుచే గోడలకంటె కప్పునకే ఎక్కువ ఎండ తగులును. నాచు పట్టి నల్లబడిన సిమెంటు డాబా ఆ ఎండలో పెద్ద భాగమును తనలోనికి పీల్చుకొనును. నడివేసవిలో దాని పైభాగము 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగుట అరుదు కాదు. వట్టికాళ్లతో మిద్దెపై మిరపకాయలు ఎండబోయు ఆడువారికి ఈ సంగతి ఏ శాస్త్రజ్ఞుడును చెప్పనక్కరలేదు. ఆ వేడి కప్పు మందములో మెల్లగా దిగి, సాయంకాలమునకు లోపలి ముఖమునకు చేరి, ప్రొద్దు గ్రుంకిన తరువాత గదిలోనికి వెలువడును. డాబా ఇంటిలో మధ్యాహ్నముకంటె రాత్రి పదిగంటలకు ఉక్క ఎక్కువగా తోచుటకు కారణమిదియే. పంకా త్రిప్పినను కప్పు క్రింది వేడిగాలియే మీదికి వచ్చును. రేకుల కప్పు వేరు. దానికి మందము లేదు గనుక ఎండ పడిన కొద్దిసేపటికే లోపల నిప్పు కురిసినట్లుండును. చీకటి పడగానే త్వరగా చల్లారును. ఒకదానికి రాత్రి బాధ, మరియొకదానికి పగటి బాధ. ఈ భేదము నెరిగిన పనివాడే మందు సరిగా వేయగలడు.

తెల్లని కప్పు ఎండను త్రిప్పికొట్టును. హైదరాబాదులోని కార్యాలయ భవనములపై అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారును, హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారును కలిసి పరిశోధించి 2011లో ఫలితములు ప్రకటించిరి. నల్లని కప్పును తెల్లగా మార్చినచోట చల్లబరచుటకగు విద్యుత్తులో 14 నుండి 26 శాతము వరకు, రంగు వేయని కాంక్రీటు కప్పును తెలుపు చేసినచోట 10 నుండి 19 శాతము వరకు తగ్గినట్లు తేలినది. అవి శీతలయంత్రములున్న భవనములు. పేదల ఇండ్ల మాట యేమి? హైదరాబాదు దేవరకొండ బస్తీలో 2017లో ఇరువదియైదు ఇండ్లపై తెల్లని పొరను పరచి చూడగా, పొర లేని సాటి ఇండ్లకంటె లోపల సగటున 2 డిగ్రీల వేడి తగ్గినది. రెండు డిగ్రీలేనా యని తేలికగా చూడరాదు. జ్వరము 100 నుండి 102 అయినచో ఇంట్లో ఎంత కలవరమో తలిదండ్రులకు తెలియును. అవి ఫారన్‌హీటు డిగ్రీలు, ఇవి అంతకంటె పెద్దవి.

డాబాకు అన్నిటికంటె చవుకైన మందు సున్నపు వెల్ల. మనము సంక్రాంతికో, ఉగాదికో చుట్టాలు చూచు గోడలకు వెల్ల వేయుదుము. సూర్యుడు చూచు కప్పును మాత్రము నల్లగానే విడిచిపెట్టుదుము! వెల్ల వేయుటకు ముందు కప్పుపై నాచును గీకి, కడిగి, పగుళ్లను పూడ్చవలెను. సున్నము పట్టుటకు తుమ్మజిగురు కలుపుట పెద్దల నాటి పద్ధతి. పలుచగా రెండుమూడు పూతలు వేసినచో పొర నిలుచును. వానకు అది కొంత కొట్టుకొని పోవును. దుమ్ము పడి మాయును. కావున ఏటేట ఎండలు ముదురకముందే మరల వేయవలెను. ఎక్కువ కాలము నిలుచు తెల్లని రంగులు బజారులో దొరకును గాని, డబ్బాపై ‘కూల్’ అని వ్రాసినంత మాత్రమున అవన్నియు చల్లబరచునవి కావు. ఎండను ఎంత త్రిప్పికొట్టునో తెలుపు అంక మున్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. నునుపైన రేకుపై సున్నము సరిగా అంటదు. దానికి తగిన రంగే మేలు. పాత ఆస్బెస్టాసు రేకులను కోయుట, తొలుచుట, పొడిగా రుద్దుట తగదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులు తెచ్చును. ఈ జాగ్రత్త పాటించు పనివాడు ఒకడుండిన, రంగు తెల్లగా వేయు పదిమందికంటె అతడే సన్మానమునకు అర్హుడని నా అభిప్రాయము.

రెండవది గాలి. ఎకో నివాస్ సంహితలో హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణమునకు, ఆరుబయటికి తెరచుకొను కిటికీలు, తలుపులు, వెంటిలేటర్ల మొత్తము నేల వైశాల్యములో ఎనిమిదవ వంతుకు తగ్గరాదని నిర్దేశించిరి. తీరప్రాంతము వంటి ఉక్కసీమకు అది ఆరవ వంతు. ఆ నిబంధన చిన్న ఇండ్లకు వర్తింపకున్నను కొలబద్దగా పనికివచ్చును. పది అడుగులు, పండ్రెండడుగుల గది నేల 120 చదరపు అడుగులు; దానికి 15 చదరపు అడుగుల తెరపి కావలెను. మన ఇండ్లలో అట్టి గదికి రెండు, మూడడుగుల కిటికీ ఒక్కటి, అనగా 6 చదరపు అడుగులే ఉండుట కలదు. ఎదురెదురు గోడలకు తెరపి యున్నచో గాలి సాగును. పైన వెంటిలేటరున్నచో వేడిగాలి వెలుపలికి పోవును. బరువు మోయు గోడను తొలిచి, పైన లింటెలు పెట్టి, గోడ బీటలు వారకుండ కిటికీ నిలుపుట మేస్త్రీకి నిజమైన పరీక్ష. పడమటి గోడకు సజ్జా గాని, పందిరి గాని, ఒక వేపచెట్టు గాని ఉండిన మరింత మేలు. కప్పుపై మట్టి పోసి మొక్కలు పెంచుట కొందరికి సరదా. పాత మిద్దెలు ఆ బరువును, తేమను మోయలేవు.

దీపములు, పంకాల సంగతి క్లుప్తముగా చెప్పి విడిచెదను. పాత పంకా సుమారు 75 వాట్లు తీసికొనగా, క్రొత్త బీఎల్‌డీసీ పంకాకు 30 వాట్లు చాలును. రోజుకు 16 గంటలు తిరిగినచో నెలకు ఒక్క పంకాపై దాదాపు 21 యూనిట్లు మిగులును. తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి క్రింద 200 యూనిట్ల లోపు వాడు అర్హులకు బిల్లు లేదు గనుక పొదుపుతో పని యేమని కొందరందురు. వేసవిలో ఆ గీత దాటిన నెలకు బిల్లు తప్పదని వారే చెప్పుదురు.

ఇప్పుడు అసలు చిక్కు: ఎవరి పని మంచిదని నిర్ణయించుట. కంటికింపుగా నున్న ఇంటికి బహుమతి ఇచ్చినచో అది రంగుల పోటీ యగును. కొలత కావలెను. దానికి పెద్ద పరికరములతో పని లేదు. ఒకే రకపు రెండు ఉష్ణమాపకములు చాలును. ముందుగా రెంటిని ఒక్కచోట పెట్టి ఒకే అంకె చూపునో లేదో చూడవలెను. ఒకదానిని బాగుచేసిన ఇంటిలో, రెండవదానిని అదే వీథిలో అదే రకపు కప్పు గల, బాగుచేయని ఇంటిలో, మంచమెత్తున, ఎండ పడని చోట వ్రేలాడగట్టవలెను. ఏప్రిల్, మే నెలలలో వారము రోజులు మధ్యాహ్నము 3 గంటలకు, రాత్రి 10 గంటలకు చదివి వ్రాయవలెను. రాత్రి అంకెను విడువరాదు. డాబా ఇంటి సత్యము రాత్రియే తెలియును. గత సంవత్సరము అవే నెలల విద్యుత్తు మీటరు లెక్కలను ఇంటివారి అనుమతితో చూడవచ్చును. ఇంటిలో మనుష్యులు పెరిగిరా, క్రొత్తగా కూలరు కొనిరా అన్నది అడుగకుండ ఆ లెక్కను నమ్మరాదు.

పని చేసిన యేడే బహుమతి ఇయ్యవద్దని నా సలహా. ఒక వానకాలము గడవనిండు. కప్పు కారలేదని, కిటికీ పైన బీట రాలేదని, పూత రాలిపోలేదని చూచి రెండవ వేసవిలో నిర్ణయించినచో తరువాత నాలుక కరచుకొనవలసిన పని యుండదు. పరిశీలన సంఘములో ఆ వార్డు సభ్యునితోబాటు ఇల్లు నడుపు ఇద్దరు స్త్రీలు తప్పక యుండవలెను. వేసవి పగలు ఇంటిలో నుండువారు వారే. పోటీలో నిలిచిన మేస్త్రీకి బంధువైన సభ్యుడు ఆనాడు సంఘమునుండి తప్పుకొనుట మర్యాద.

గౌరవము పొందువాడు మేస్త్రీ ఒక్కడే కానక్కరలేదు. కిటికీ చట్రము బిగించిన వడ్రంగి, పంకాలు మార్చిన విద్యుత్ పనివాడు, తట్టలెత్తి వెల్ల పూసిన ఆడకూలీ గూడ ఆ పనిలో పాలివారే. వారందరి పేర్లు వ్రాయవలెను. ఆగస్టు 15న జెండా వందనము తరువాత శాలువ కప్పుట మంచిదే. శాలువ మడతపెట్టి పెట్టెలో దాచుకొందురు. పనివానికి కావలసినది పని. ఏ ఇంటికి ఏమి చేసెను, ఎంత ఖర్చైనది, ఎన్ని డిగ్రీలు తగ్గినది అను మూడు సంగతులతో అతని పేరును పంచాయతి కార్యాలయపు గోడపై వ్రాయించినచో, చూచినవారు అతనిని పిలిచి పని ఇత్తురు. ఖర్చు అంకె ఉండుట ముఖ్యము. అది లేనిచో తమకది అందని పని యని పేదలు ముందే వెనుదిరుగుదురు. అయితే ఈ పట్టికలో పేరున్నంత మాత్రమున పంచాయతి పనులు ఎవరికిని నేరుగా అప్పగింపరాదు. వాటికి నిబంధనలు వేరుగా కలవు. ఈ సంగతి గ్రామసభలో ముందే చెప్పుట శ్రేయస్కరము.

ఇతరుల ఇండ్లను గూర్చి చెప్పు పంచాయతి తన కప్పును గూడ చూచుకొనవలెను. అంగన్‌వాడీ, పాఠశాల, పంచాయతి కార్యాలయము, ఈ మూడింటి కప్పులకు తెల్లపూత వేయించి, పైన చెప్పిన విధముగా కొలిచి, ఆ అంకెలను మొదట ప్రకటించినచో జనులకు నమ్మకము కలుగును. పునర్వ్యవస్థీకరింపబడిన జాతీయ పంచాయతి పురస్కారములలో 2023లో గ్రామ ఊర్జా స్వరాజ్, కార్బన్ న్యూట్రల్ అను రెండు విశేష పురస్కారములు ఉండెను. పునరుత్పాదక శక్తి, కాలుష్య నివారణ విషయములలో ముందున్న పంచాయతులకై అవి ఏర్పడినవి. ఇట్టి లెక్కలు పుస్తకములో ఉన్న పంచాయతి అట్టి పురస్కారములకు దరఖాస్తు వ్రాయునపుడు తడుముకొనదు.

ఈ సంవత్సరమే ప్రారంభింపదలచిన పంచాయతి పెద్ద తీర్మానములు చేయనక్కరలేదు. ఒక వీథిలో ఒక డాబా, ఒక రేకుల ఇల్లు ఎన్నుకొని, వాటికి జతగా బాగుచేయని మరి రెండు ఇండ్లను గుర్తించి, ఆ ఇంటివారి సమ్మతిని తీర్మాన పుస్తకములో వ్రాయించవలెను. వెల్ల వేయుటకు ముందొకసారి, వేసిన తరువాత ఒకసారి ఉష్ణమాపకము చదువవలెను. చదువు బాధ్యత పై తరగతుల బాలబాలికల కిచ్చినచో వారు సంతోషముగా చేయుదురు. అంకెలను దిద్దవలసిన అవసరము వారికి ఉండదు గనుక పెద్దలకంటె నిజముగా వ్రాయుదురు.