స్టేడియం పక్కకు ఒరిగితే: త్రీడీ అక్షాలపై అపోహలు – వాస్తవాలు

మధురవాడ ఇంజనీరింగ్ విద్యార్థులు పక్కనే పీఎం పాలెంలో ఉన్న క్రికెట్ స్టేడియాన్ని త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో కట్టి, గేమ్ ఇంజిన్ యూనిటీలోకి దింపుతున్నారనుకుందాం.

అపోహ: మోడల్ పక్కకు ఒరిగితే ఫైలు పాడైనట్టే.

వాస్తవం: ఫైలు బాగానే ఉంది. బ్లెండర్‌కు పైదిక్కు జెడ్, యూనిటీకి వై. ఆ తేడా సర్దడానికి యూనిటీ చాలాసార్లు ఎక్స్ అక్షం చుట్టూ మైనస్ 90 డిగ్రీల కోణం పెట్టి మోడల్‌ను నిలబెడుతుంది. ఏదో స్క్రిప్టు ఆ కోణాన్ని సున్నా చేయగానే స్టేడియం ఒరిగిపోతుంది. దిగుమతి సెట్టింగుల్లో ‘బేక్ యాక్సిస్ కన్వర్షన్’ టిక్ చేస్తే ఈ బాధ తగ్గుతుంది.

అపోహ: ఎలాగూ తిప్పితే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. బ్లెండర్‌ది కుడిచేతి వ్యవస్థ, యూనిటీ, అన్‌రియల్ గేమ్ ఇంజిన్లది ఎడమచేతి వ్యవస్థ. తేడా ఎలాంటిదంటే: 2005 ఏప్రిల్ 5న ఈ మైదానంలోనే పాకిస్థాన్‌పై 148 పరుగులు చేసిన ధోనీ కుడిచేతి బ్యాటర్. ఆయన బొమ్మను ఎటు తిప్పినా, తలకిందులు చేసినా ఎడమచేతి బ్యాటర్ కాడు. అద్దంలో చూపిస్తేనే అవుతాడు. అందుకే ఒక అక్షం గుర్తు మార్చాలి. ఎఫ్‌బీఎక్స్ ఫైలైతే యూనిటీయే ఆ పని చేసుకుంటుంది. సొంతంగా లోడర్ రాసేవారు మరిచిపోతే స్కోరుబోర్డు అక్షరాలు తిరగబడతాయి. గుర్తు మార్చి ఊరుకున్నా చాలదు. యూనిటీలో ప్రతి త్రిభుజం మూలల వరుసనూ తిరగేయాలి, లేకపోతే గోడలు బయటి నుంచి మాయమవుతాయి.

అపోహ: ఏ ఫైలైనా తన దిక్కులు తానే చెబుతుంది.

వాస్తవం: ఓబీజే, ఎస్‌టీఎల్ చెప్పవు, కొలత మీటరో మిల్లీమీటరో కూడా చెప్పవు. ఎఫ్‌బీఎక్స్ చెబుతుంది. జీఎల్‌టీఎఫ్‌కైతే ఒకటే నియమం: వై పైకి, కుడిచేయి, మీటర్లు. ఇచ్చిపుచ్చుకోవడానికి నా ఓటు దానికే.

అపోహ: సర్వే అంకెలు యథాతథంగా వాడితే మోడల్ కచ్చితంగా కూర్చుంటుంది.

వాస్తవం: యూటీఎం అనే పటాల నిరూపక పద్ధతిలో విశాఖ 44వ జోన్‌లో ఉంది. మధురవాడ ఉత్తర నిరూపకం సుమారు 19.7 లక్షల మీటర్లు. 32 బిట్ల దశాంశ సంఖ్యకు అంత పెద్ద విలువ దగ్గర ఒక్కో మెట్టు 12.5 సెంటీమీటర్లు, అంటే స్టేడియం మెట్ల అంచులు వణుకుతాయి. స్టేడియం మధ్య బిందువును సున్నాగా పెట్టుకుని, తీసేసిన అంకెను విడిగా రాసి ఉంచాలి.

అసలు మోడల్ పంపేముందు ఒక మీటరు ఘనం చేసి, పై ముఖాన బాణం గుర్తు, పక్క ముఖాన మీ ఊరి పేరు పెట్టి పంపండి. ఘనం అవతల కూడా మీటరే ఉండి, బాణం పైనే ఉండి, పేరు తిన్నగా చదవగలిగితేనే మిగతాది పంపండి.