రంగు క్రింది చరిత్ర

ప్రాచీన దేవాలయమునకు సున్నము పూయించి, శాసనాక్షరములను కప్పివేసి, దానినే జీర్ణోద్ధరణమని చెప్పుకొనువారు మన దేశమున పెక్కురు గలరు. పాత యుద్ధవిమానములను బాగుచేయువారికిని ఇట్టి ప్రమాదమే పొంచియున్నది.

విమానమునకును శాసనములు గలవు. కర్మాగారమున బిగించిన లోహఫలకము, తనిఖీదారు వేసిన ముద్ర, రేకుపై అచ్చుకట్టిన సూచనలు దాని జన్మపత్రికయే. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికావారు తయారుచేసిన లిబరేటరు బాంబరును తీసికొందము. దానిని ఐదు కర్మాగారములు నిర్మించినవి. పేరు చివర ‘సి.ఎఫ్.’ అని యున్నచో అది టెక్సాసులోని ఫోర్టువర్తున పుట్టినది, ‘ఎఫ్.ఓ.’ అని యున్నచో ఫోర్డు కంపెనీవారి విల్లోరన్ కర్మాగారమున పుట్టినది. ఒకచోటి గుర్తులను చూచి వేరొకచోట పుట్టిన విమానముపై వ్రాయుట పొరపాటు. పాత ఛాయాచిత్రములను మాత్రమే నమ్ముటయు చాలదు. ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముపై పసుపురంగు నల్లగా కన్పట్టును. కావున ప్రాజ్ఞులు రంగును ఒక్కమారుగా గీకివేయరు. పొర వెంట పొరగా మెల్లగా రుద్ది, బయల్పడిన ప్రతి అక్షరమును కొలిచి, చిత్రము తీసి, నిర్మాణకాలపు పత్రములతో సరిచూతురు.

ఈ చర్చ మనకేల యందురా? యుద్ధానంతరము బ్రిటిషువారు అనేక లిబరేటరులను మరల ఎగురకుండునట్లు చెడగొట్టి కాన్పూరున విడిచిపోయిరి. బెంగుళూరు హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టువారు వానిలో సుమారు 40 విమానములకు మరల ప్రాణము పోసిరి. 1948 నుండి 1968 వరకు అవి స్వతంత్ర భారత వైమానికదళమున పనిచేసినవి.

వానిలో నొకటి 1944లో ఫోర్టువర్తున పుట్టి, ఆ సంవత్సరమే బ్రిటిషువారి వశమై, పిదప మనదైనది. నేడది అమెరికాలో కాలింగ్సు ఫౌండేషనువారి సొత్తు. వారు దానిని ఎంతయో శ్రమించి బాగుచేసిరి. 2005లో, 130 దాడులు చేసివచ్చిన ‘విచ్‌క్రాఫ్టు’ అను వేరొక విమానపు పేరును, గుర్తులను దానిపై వ్రాసిరి. మృతవీరులను స్మరించుట తప్పు కాదు. కాని చూడవచ్చిన బాలునకు, ఈ రేకులే రమారమి ఇరువది యేండ్లు భారతాకాశమున తిరిగినవని ఆ రంగు చెప్పదు. ఆ విమానపు ఆయుర్దాయములో అమెరికా సేవ కొలదికాలమే, భారతసేవయే దీర్ఘమైనది.

ఢిల్లీలోని పాలం మ్యూజియమున హెచ్.ఇ. 924 సంఖ్యగల లిబరేటరు మన దళపు గుర్తులతోనే నిలిచియున్నది. అట్టివానికి క్రొత్తరంగు వేయునపుడైనను మనవారు జాగరూకులు కావలెను. ఏ వేషము వేసినను వేయుడు. ముందుగా ప్రతి పొరను లిఖించి యుంచుడు, ఒక మూల జానెడు పాతరంగును గీకక విడువుడు, ప్రక్కన పలకపై యథార్థమును వ్రాయుడు. కాన్పూరు తుక్కునుండి రెక్కలను మొలిపించిన బెంగుళూరు కార్మికుల పేర్లు పెక్కింటిని మన మెరుగము. వారి చేతిగుర్తు ఏ రేకుపైననైన మిగిలియున్నచో దానిని మన చేతులతోనే చెరుపరాదు.