తొలి రసము, మలి రసము

నానిన చింతపండును తొలిసారి పిసికినపుడు వచ్చు చిక్కని రసము పులుసునకు, మరల నీరు పోసి పిసికిన పలుచని రసము చారునకు వాడుట తెలుగు ఇల్లాలికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. హైదరాబాదు తూర్పు అంచున, ఉప్పల్, నాచారములకు చేరువనున్న దమ్మాయిగూడలోనైనను, గోదావరి తీరపు పల్లెలోనైనను వంటింటి నీతి ఇదియే. ఇట్టి పొదుపే ఇంగ్లండు దేశమున ఇంట బీరు కాచుకొనువారి నడుమ శతాబ్దుల తరబడి సాగినది. ఒకే గింజనుండి వారు రెండు బీర్లు తీసెడివారు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్టు అందురు. దానిని పలుకులుగా విసరి, సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నిలుచునట్లు నీటిలో గంటసేపు నానబెట్టుదురు. మొలకలో పుట్టిన ఎంజైములు ఆ వేడిలో పిండిపదార్థమును చక్కెరగా మార్చును. అడుగునుండి వడగట్టిన తొలి రసము చిక్కగా, తియ్యగా నుండును. అయినను పిప్పిలో కొంత చక్కెర మిగిలియే యుండును. దానిపై మరల వేడినీరు పోసి మలి రసమును దింపుదురు. రెండింటిని వేరువేరుగా హాప్స్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టుతో పులియబెట్టినచో తొలిది ఘాటైన బీరు, మలిది తేలికైన బీరు అగును.

ఇందొక చక్కని లెక్క కలదు. మొత్తము 30 లీటర్ల రసము దింపినచో, మొదటి 10 లీటర్లలోనే సగము చక్కెర వచ్చునని బీరు కాచువారి అంచనా. మిగిలిన సగము 20 లీటర్లలో పరచుకొనును. కనుక తొలి రసము మలి రసమునకు రెట్టింపు చిక్కన. అనుభవముతో తెలిసిన ఈ తేడాకు తరువాత శాస్త్రము కొలబద్ద నిచ్చెను. హైడ్రామీటరుతో రసముల చిక్కదనమును కొలుచు పద్ధతిని వివరించుచు జాన్ రిచర్డ్‌సన్ 1784లో గ్రంథము ప్రకటించెను. పిప్పిపై వేడినీటిని తుంపరగా చల్లి కడుగు స్కాట్లాండు పద్ధతి 19వ శతాబ్దిలో వ్యాపించిన పిమ్మట, రసములన్నియు కలిపి ఒకే బీరు చేయుట పెరిగెను. పాత పద్ధతి మాత్రము పూర్తిగా నశింపలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ కంపెనీ 'ఓల్డ్ ఫాగ్‌హార్న్' అను ఘాటైన బీరు తీసిన పిప్పినుండియే తేలికైన మరియొక బీరు చేసెడిది. ఆ కంపెనీ 2023లో మూతపడినది.

తేలికైన దానిని ఇంగ్లీషువారు 'స్మాల్ బీర్' అనిరి. నౌకర్లును, పిల్లలును దానినే త్రాగెడివారు. అన్నము ఒకరి విస్తరిలోను, వార్చిన గంజి వేరొకరి ముంతలోను పడిన రోజుల నెరిగిన మనకు ఇందలి తారతమ్యము క్రొత్తది కాదు. కాని ఒక్క మేలు గమనింపవలెను. ఆ పానీయము తన పలుచదనమును దాచుకొనలేదు, పేరులోనే చెప్పుకొన్నది.

లైసెన్సు లేక బీరు కాచుట తెలంగాణమున 1968 నాటి ఎక్సైజు చట్టము క్రింద నేరము. కావున దమ్మాయిగూడ వాసికి ఇది తెలిసికొనదగిన విద్యయే కాని ఇంట చేయదగిన పని కాదు. అతడెరిగిన పానీయము కల్లు. ఒకే తాటిచెట్టునుండి వేకువను దించినది తియ్యగా నుండును. పొద్దు వాలుసరికి అదే పులిసి మత్తు నిచ్చును. బార్లీకి నీటివలన కలిగిన తేడా ఇచట కాలమువలన కలుగుచున్నది. రెండుచోట్లను బలము గింజదో, చెట్టుదో అయి యున్నది.

ఈ ధర్మము తప్పినచోటనే కీడు మొదలగును. నీరు కలిపి పలుచన చేసిన కల్లునకు మత్తు తెచ్చుటకై కొందరు మందులు కలుపుచున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. పరీక్షించిన నమూనాలలో ఆల్ప్రజోలం బయటపడెను. ఆందోళనకు వైద్యులు కొలతతో వ్రాసి యిచ్చు మందది. కల్లుముంతలో దానికి కొలతయు లేదు, పేరును లేదు.

గింజలో ఉన్నంతయే రసములోనికి వచ్చును. చెట్టులో ఉన్నంతయే కుండలోనికి దిగును. పలుచనిదానిని పలుచనిదని చెప్పి పోసినవాడు ఎవరిని మోసగింపలేదు. నీరు కలిసినచోట ఘాటు పెరిగినదన్నచో, ఆ ఘాటు ఎచటినుండి వచ్చినదని అడుగవలసినదే.