పేలుళ్ళ తర్వాతి ఏళ్ళు

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సికింద్రాబాద్ వైపు వెళ్ళే బస్సులు ఆగే చోటుకు 107 బస్‌స్టాప్ అని పేరు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల వేళ అక్కడా, కూతవేటు దూరంలోని ఏ1 మిర్చి సెంటర్ దగ్గరా, సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, 131 మంది గాయపడ్డారు.

జంటనగరాలకు అది మొదటి దెబ్బ కాదు. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ పేలుడు జరిగింది. తొమ్మిది మంది ఆ పేలుడులో, ఐదుగురు ఆ తర్వాతి పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళు 40 మందికి పైగా జనాన్ని బలిగొన్నాయి. పార్కులో లేజర్ షో చూడటానికి వచ్చిన మహారాష్ట్ర ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా వారిలో ఉన్నారు.

ఇన్నేళ్ళ తర్వాత వీరిని మనమెందుకు తలచుకోవాలి? మొదటి కారణం ఇది: సైనికుడు చనిపోతే గుర్తుంచుకోవడానికి సైన్యం ఉంది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని స్మారకం దగ్గర అధికారులు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. బస్సు కోసం నిలబడి చనిపోయినవాడి తేదీని గుర్తుంచుకునేది మాత్రం ఇంటివాళ్ళే. కొన్ని ఇళ్ళలో తద్దినం పెడతారు, కొన్ని ఇళ్ళలో ఫాతిహా చదువుతారు. ఈ భారం కుటుంబాలది మాత్రమే కాకూడదనే ఐక్యరాజ్యసమితి 2017లో తీర్మానం చేసి, ఆగస్టు 21ని ఉగ్రవాద బాధితుల స్మరణ దినంగా ప్రకటించింది.

ఇక రెండో కారణం. పేలుడు ఆ సాయంత్రంతో అయిపోదు. ఒంట్లో దిగిన ఇనుప ముక్కలు కొన్నిసార్లు తీయడానికి వీలుకాక అలాగే ఉండిపోతాయి. పేలుడు ఒత్తిడికి కర్ణభేరి చిరుగుతుంది, వినికిడి తగ్గుతుంది. కాలు పోయినవారికి కృత్రిమ కాలు కొన్నేళ్ళకోసారి మార్చాలి. ఎక్స్‌గ్రేషియా ఒక్కసారి వస్తుంది. మందుల ఖర్చు నెలనెలా వస్తుంది.

న్యాయం కూడా నెమ్మదిగానే నడిచింది. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కేసుల్లో తీర్పు రావడానికి పదకొండేళ్ళు పట్టింది. 2018 సెప్టెంబరులో ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016 డిసెంబరులో ఐదుగురికి పడిన ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న సమర్థించింది. మక్కా మసీదు కేసులో మాత్రం 2018 ఏప్రిల్ 16న కోర్టు నిందితులైన ఐదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. మా వాణ్ణి చంపిందెవరు అన్న ఆ కుటుంబాల ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

అలాంటివారికి చట్టం ఒక దారి చూపింది. నేర విచారణ స్మృతికి 2008లో చేసిన సవరణ ప్రకారం ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహార పథకం పెట్టాలి. నేరస్థుడెవరో తేలకపోయినా బాధితులు న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. కేసు కొట్టేసినా పునరావాసం అవసరమైతే పరిహారం ఇవ్వమని కోర్టు సిఫారసు చేయవచ్చు. కొత్త చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ 396వ సెక్షన్‌గా ఈ హక్కు కొనసాగుతోంది. కానీ ఆస్పత్రి మంచం మీద ఉన్నవారికి ఈ సంగతి చెప్పేదెవరు?

అందుకే స్మరణ అంటే ఏడాదికోసారి బాకీ లెక్క చూసుకోవడమని నేను నమ్ముతాను. ఫిబ్రవరి 21, మే 18, ఆగస్టు 25 తేదీల్లో పూలదండలతో పాటు ప్రభుత్వం ఒక పని చేయాలి. గాయపడినవారిలో ఎవరికి చికిత్స కావాలి, ఇస్తామన్న సాయం ఎవరికి అందలేదు, కేసు ఎక్కడుంది అన్నది బాధితులను కూర్చోబెట్టి వారికే చెప్పాలి. మక్కా మసీదు మృతులకూ, గోకుల్ చాట్ మృతులకూ ఒకే వరసలో చోటివ్వాలి. చంపినవాడి మతాన్ని బట్టో, చనిపోయినవాడి మతాన్ని బట్టో కన్నీళ్ళు పంచుకునే ఊరు తన బిడ్డలను సగమే గుర్తుంచుకుంటుంది.